పొరుగు భాషలో మాట్లాడే దయ్యం

1489లో ఉల్రిచ్ మోలిటర్ అనే న్యాయవేత్త మంత్రగత్తెల గురించి లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆస్ట్రియా ప్రభువు సిగిస్మండ్ కోసం రాసిన ఆ పుస్తకంలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని వాదించుకుంటారు. మంత్రగత్తెలు నిజంగా గాలిలో ఎగురుతారా? జంతువులుగా మారతారా? వడగళ్ళు కురిపిస్తారా? వాదన అంతా అయ్యాక తేలేదేమిటంటే, వాళ్ళకు అంత శక్తి లేదు, అదంతా సైతాను కల్పించే భ్రమ. కానీ ఆ పుస్తకంలో చెక్క అచ్చులతో వేసిన బొమ్మలు కూడా ఉన్నాయి. ఒకదాంట్లో జంతువుల తలలున్న ఆకారాలు ఒకే కర్ర ఎక్కి ఆకాశంలో పోతుంటాయి. ఇంకోదాంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మంట మీది కుండలో పామునూ కోడినీ వేస్తుంటారు.

మంత్రగత్తెల మీద బొమ్మలతో అచ్చయిన తొలి పుస్తకంగా కళాచరిత్రకారులు చెప్పేది దీన్నే. అందులో రాత ఇదంతా భ్రమ అంటుంది. పక్కనే బొమ్మ మాత్రం జరుగుతున్నదే చూపిస్తున్నట్టు ఉంటుంది. పుస్తకం చేతిలోకి తీసుకున్నవాడికి వాదన గుర్తుండకపోవచ్చు, కర్రెక్కిన ఆకారాలు మాత్రం గుర్తుండిపోతాయి. హారర్ సినిమా ఈనాటికీ బతుకుతున్నది ఈ సందులోనే. కథ చివర డాక్టరు వచ్చి జబ్బు పేరు చెప్పినా, ఇంటికెళ్ళి పడుకున్నాక కళ్ళ ముందు మెదిలేది జబ్బు పేరు కాదు, విరబోసుకున్న జుట్టే.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. బొమ్మ భయపెట్టి ఊరుకోదు. ఎవరిని చూసి భయపడాలో కూడా వేలు పెట్టి చూపిస్తుంది. ఆ వేలు ఎటు చూపిస్తోందో గమనిస్తే, యూరప్ చిత్రాల నుంచి చెన్నై స్టూడియోల దాకా ఒక దారి కనిపిస్తుంది. ఆ దారిలో తెలుగువాళ్ళు రెండు వైపులా ఉన్నారు. వేలు చూపించినవాళ్ళుగానూ, వేలు చూపించబడినవాళ్ళుగానూ.

ముందు ఇప్పటి ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ వెళ్ళాలి. పేరుమోసిన జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ దగ్గర పనిచేసిన హాన్స్ బాల్డుంగ్ గ్రీన్ 1510లో అక్కడ ఒక అచ్చు బొమ్మ వేశాడు. రాత్రి, అడవి, ఎండిపోయిన చెట్టు. నేల మీద నగ్నంగా కూర్చున్న ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య ఒక కూజా. కూజాలోంచి పొగ సుడులు తిరుగుతూ పైకి లేస్తుంటే, పైన ఒకామె మేక మీద వెనక్కి తిరిగి కూర్చుని గాలిలో పోతుంటుంది. పక్కన పిల్లి ఉంది, ఎముకలున్నాయి, పొడవాటి పంగల కర్రలున్నాయి. తర్వాతి అయిదు వందల ఏళ్ళలో మంత్రగత్తె అనగానే ఎవరు ఏ సరంజామా వాడినా, అందులో సగానికి సగం ఈ ఒక్క కాగితం మీద ముందే ఉంది.

ఈ బొమ్మ వేసిన పద్ధతి తెలుసుకోదగ్గది. రెండు చెక్క అచ్చులు చేశారు. ఒకటి నల్ల గీతలకు, రెండోది మధ్యస్థంగా ఉండే ముదురు రంగుకు. వెలుగు పడాల్సిన చోట రెండో చెక్కను చెక్కేసి వదిలేశారు. అక్కడ సిరా అంటదు, కాగితం తెలుపే వెన్నెలవుతుంది. మామూలు బొమ్మలో తెల్ల కాగితం మీద నలుపు చేరుస్తారు. ఇక్కడ కాగితమంతా రాత్రి చేసి, అందులోంచి వెలుగును తవ్వి తీశారు. సినిమాలో లైటింగ్ చేసేవాళ్ళు నైట్ సీన్‌కి చేసేది అచ్చం ఇదే. చీకటి ముందే ఉంటుంది, దాంట్లో ఏది కనపడాలో వాళ్ళు తేలుస్తారు.

ఆ కూజా దగ్గరికి వద్దాం. దాని చుట్టూ ఏవో అక్షరాలున్నాయి. చూడ్డానికి హీబ్రూలా ఉంటాయి, చదవబోతే అర్థం రాదు. హీబ్రూ యూదుల లిపి. స్ట్రాస్‌బర్గ్ నగరం అప్పటికి వందేళ్ళ పైచిలుకు కిందటే యూదులను వెళ్ళగొట్టింది. అంటే ఊళ్ళో కాపురమే లేని మనుషుల లిపిని మంత్రగత్తె కూజా మీద రాసి పెట్టారు. ఎవరు పక్కన ఉండకూడదనుకున్నారో, ఎవరి మాట తమకు అర్థం కాదో, వాళ్ళ అక్షరాలు కనపడితే చాలు, కూజాలో ఉన్నది విషమేనని చూసేవాళ్ళకు ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

యూరప్‌లో మంత్రగత్తెలన్న నేరం మీద మూడు శతాబ్దాల్లో చంపినవాళ్ళ సంఖ్య నలభై వేల నుంచి అరవై వేల దాకా ఉంటుందని చరిత్రకారుల అంచనా. వాళ్ళలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్ళు. ఈ పాపం చిత్రకారులదని అనలేం. కోర్టులున్నాయి, చిత్రహింసలున్నాయి, కరువులున్నాయి, మత యుద్ధాలున్నాయి. కానీ హింస భరించలేక ఏదో ఒకటి ఒప్పుకోవాల్సి వచ్చిన మనిషికి ఏం ఒప్పుకోవాలో ముందే తెలిసి ఉండేది. మేక, కుండ, ఎగరడం, రాత్రి విందు. అందరి నోటా ఒకే కథ రావడాన్నే న్యాయమూర్తులు సాక్ష్యం కింద లెక్కగట్టారు.

దీన్ని పట్టుకున్న మనిషి కూడా ఒకడు ఆ న్యాయమూర్తుల్లోనే ఉన్నాడు. స్పెయిన్‌లోని లొగ్రోన్యోలో 1610లో మంత్రగత్తెల పేరుతో పెద్ద విచారణ జరిగి మనుషుల్ని తగలబెట్టారు. ఆ తర్వాత అలోన్సో దె సలజార్ అనే విచారణాధికారి ఊరూరా తిరిగి దాదాపు పద్దెనిమిది వందల మందిని విచారించాడు. జరిగిందనడానికి ఒక్క రుజువూ దొరకలేదన్నాడు. ఆ విషయం మాట్లాడడం, రాయడం మొదలుపెట్టేదాకా ఇక్కడ మంత్రగత్తెలూ లేరు, వాళ్ళ బారిన పడ్డవాళ్ళూ లేరు అని పై అధికారులకు రాశాడు. ఆ కాలంలో ఆ కుర్చీలో కూర్చుని ఆ మాట రాయడానికి ఎంత గుండె ఉండాలో ఆలోచించాలి.

దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత అదే స్పెయిన్‌లో చిత్రకారుడు గోయా ఆ సందేహాన్ని బొమ్మలోకి తెచ్చాడు. మోలిటర్ పుస్తకంలో సందేహం రాతలో ఉంది, బొమ్మలో లేదు. గోయా బొమ్మకు పక్కన రాత అక్కర్లేదు. ఒసూనా ప్రభు దంపతుల విడిది ఇంటి కోసం 1797, 98 ప్రాంతంలో ఆయన మంత్రగత్తెల మీద ఆరు చిన్న చిత్రాలు వేశాడు. వాటిలో ఒకటి ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. నిలువు 43 సెంటీమీటర్లు, వెడల్పు 30. గోడకు తగిలించే క్యాలెండర్ అంత కూడా లేని ఆ చిత్రాన్ని దగ్గరగా చూడాలి.

వెనకంతా నలుపు. గాలిలో ముగ్గురు తేలుతున్నారు, నడుము పైన బట్టల్లేవు. వాళ్ళ చేతుల్లో ఒక నగ్న మనిషి గిలగిల్లాడుతున్నాడు. వాళ్ళ నోళ్ళు అతని ఒంటి మీదే ఉన్నాయి, ఊదుతున్నారో పీలుస్తున్నారో చెప్పలేం. వెలుగు వాళ్ళ మీద పడుతోంది గానీ ఎక్కణ్ణుంచి పడుతోందో కనపడదు. కింద నేల మీద ఒకడు తెల్ల దుప్పటి తల మీదుగా కప్పుకుని, దిష్టి తగలకుండా చేతివేళ్ళతో ఒక సంజ్ఞ పట్టుకుని నడుస్తున్నాడు. ఇంకొకడు చెవులు మూసుకుని బోర్లా పడిపోయాడు. పక్కన గాడిద నిలబడి ఉంది.

ఇక టోపీలు. ఎగిరే ముగ్గురి నెత్తినా పొడవాటి మొనదేలిన టోపీలున్నాయి. స్పెయిన్‌లో మత విచారణ కోర్టు నేరస్తులకు తొడిగి వీధుల్లో తిప్పిన టోపీలను అవి గుర్తుచేస్తాయి. కానీ పైన రెండుగా చీలి ఉండడంతో బిషప్పుల కిరీటాల్లానూ కనిపిస్తాయి. ఆ ముగ్గురూ ముద్దాయిలా, తీర్పరులా? గోయా చెప్పడు. మనిషిని పైకెత్తి పీక్కుతింటున్నవాళ్ళు ఎవరైనా కావచ్చన్న అనుమానాన్ని మాత్రం అలా గాలిలో వదిలేశాడు. కింద ఉన్న జనానిది ఇంకో కథ. కళ్ళు కప్పుకున్నవాడు ఒకడు, చెవులు మూసుకున్నవాడు ఇంకొకడు, అన్నీ తెరిచి ఉన్నా ఏమీ తెలియనిది గాడిద. మంత్రగత్తెను చూసి భయపడదామని వచ్చినవాడు, చివరికి తను ఆ కింది ముగ్గురిలో ఎవరో ఆలోచించుకుంటూ వెళ్ళాలి.

చెవుడు వచ్చి, వయసు మీద పడి, 1819 నుంచి 1823 దాకా మాడ్రిడ్ శివార్లలోని ఇంట్లో ఉన్నప్పుడు ఆయన గోడల మీదే నేరుగా పద్నాలుగు చిత్రాలు వేశాడు. నల్ల చిత్రాలుగా పేరుపడినవి అవే. వాటిలో మంత్రగత్తెల సభ ఉన్న చిత్రం నాలుగు మీటర్లు దాటిన పొడవుది. ఎడమవైపు మేక ఒట్టి నల్లటి ఆకారం, ముఖ కవళికలు దాదాపు లేవు. బొమ్మలో వివరమంతా దాని ముందు కిక్కిరిసి కూర్చున్న గుంపు ముఖాల్లో ఉంది. తెల్లగా మెరిసే కళ్ళు, వేలాడిన దవడలు, ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూడ్డం. సైతానుకు ముఖమే ఇవ్వకుండా, నమ్మినవాళ్ళందరికీ తలా ఒక ముఖం ఇవ్వడం గోయా చేసిన గొప్ప పని. హారర్ సినిమాకు చిత్రకళ ఇచ్చినవాటిలో దీన్ని మించింది లేదు, సినిమా అతి తక్కువగా వాడుకున్నదీ ఇదే.

సినిమా తొలిరోజుల్లోనే ఈ చిత్రాల మీద వాలిపోయింది. 1922లో డెన్మార్క్ దర్శకుడు బెంజమిన్ క్రిస్టెన్సెన్ మంత్రగత్తెల చరిత్ర మీద 'హక్సన్' అనే మూగ చిత్రం తీశాడు. మొదటి భాగమంతా పాఠం. పాత అచ్చుబొమ్మలను తెర మీద పెట్టి, కర్రతో ఒక్కొక్కటీ చూపిస్తూ వివరిస్తాడు. తర్వాత ఆ బొమ్మలే లేచి కదలడం మొదలుపెడతాయి. చీపురు కర్రల మీద ఆడవాళ్ళు ఇళ్ళ కప్పుల పైనుంచి ఎగురుతుంటారు. సైతాను వేషం దర్శకుడే కట్టాడు. చివరి భాగంలో మళ్ళీ పాఠానికి వచ్చి, ఆ రోజుల్లో మంత్రగత్తెలన్నవాళ్ళను ఈ రోజుల్లో మానసిక రోగులంటున్నాం, మన కాలం కూడా వాళ్ళ పట్ల అంత దయగా ఏమీ లేదు అంటాడు. నిజాయితీ ఉన్న వాదనే. అయినా ఆ సినిమా పేరెత్తితే ఎవరికైనా గుర్తొచ్చేది చివరి పాఠం కాదు, నాలుక ఆడించే సైతానే. మోలిటర్ పుస్తకానికి పట్టిన గతే దీనికీ పట్టింది.

చిత్రకారుడు ఫ్యూసెలీ 1781లో వేసిన పీడకల చిత్రం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. మంచం మీద నుంచి తల, చేతులు కిందికి వేలాడుతూ నిద్రపోతున్న స్త్రీ. ఆమె గుండెల మీద కూర్చున్న కురూపి. తెర సందులోంచి తొంగిచూస్తున్న గుర్రం తల. నిద్రలో దయ్యం గుండెల మీద కూర్చుంటే కాలూ చెయ్యీ కదలదని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పేదే ఇది. 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమాలో పెళ్ళికూతురు మంచానికి అడ్డంగా, తల వేలాడేసి పడి ఉన్న షాట్‌ను ఈ చిత్రం పక్కన పెడితే పోలిక చెప్పనక్కర్లేదు. అక్కణ్ణుంచి ఆ భంగిమ ప్రపంచంలోని ప్రతి హారర్ సినిమాకూ చేరింది.

మద్రాసు సంగతి వేరుగా మొదలైంది.

తెలుగు సినిమా ఇక్కడి స్టూడియోల్లో ఎదుగుతున్న కాలంలో తెర మీద మాయలూ మంత్రాలకు లోటు లేదు. కానీ భయపెట్టేది ఆడది కాదు, మగవాడు. 1942లో జెమినీవారి 'బాలనాగమ్మ'లో గోవిందరాజుల సుబ్బారావు వేసిన మాయల మరాఠీ, 1951లో విజయావారి 'పాతాళ భైరవి'లో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు. వీళ్ళకు ప్రేక్షకుడు భయపడ్డాడు, అంతకు పదింతలు మురిసిపోయాడు. పైగా మన కథల్లో మాంత్రికుడికి ఒక కిటుకు ఉంటుంది. ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం ఉంటుంది. చిలుక దొరికితే ఆట కట్టు. అందుకే ఊళ్ళో ఎవరినీ అనుమానించనక్కర్లేదు, తగలబెట్టనక్కర్లేదు. ధైర్యం ఉన్న కుర్రవాడు బయల్దేరి వెళ్ళాలి, అంతే. జానపద కథ భయానికి ఒక చిరునామా, దాన్ని తీర్చుకునే దారీ రెండూ ఇచ్చింది.

ఆ లోకాన్ని కట్టింది చిత్రకారులు. 'పాతాళ భైరవి' కళాదర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలే స్వయంగా చిత్రకారుడు, పేరున్న కథకుడు. కెమెరా మార్కస్ బార్ట్‌లీది. ఆ కాలపు ఫిలిం మసక వెలుగులో పనిచేసేది కాదు. అందువల్ల తెర మీది చీకటి గుహ సెట్టులో నిజానికి బోలెడు లైట్లు వెలుగుతుండేవి. కళ్ళు బైర్లు కమ్మే వెలుగుతో చీకటిని తయారుచేయడం ఆ కెమెరామన్ల విద్య. గీసిన తెరా, ప్లాస్టర్ రాతి గోడా, పక్క నుంచి కొట్టే లైటూ కలిస్తే ఆ గుహ వచ్చేది. ఆ సినిమా తీసిన వాహినీ స్టూడియో ఉన్న వడపళని నేల మీద ఇప్పుడు మాల్ ఉంది, హాస్పిటల్ ఉంది.

విజయా సంస్థ మనుషులే 1947 జూలైలో చందమామ పత్రిక మొదలుపెట్టారు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదువుకున్న శంకర్ బేతాళ కథలకు వేసిన బొమ్మను తెలుగు పిల్లల రెండు మూడు తరాలు నెలనెలా చూశాయి. శ్మశానం, భుజం మీద శవం, చేతిలో దూసిన కత్తి, ఆగకుండా పడుతున్న అడుగు. గోయా బొమ్మలో దుప్పటి కప్పుకున్నవాడిని చూసిన కళ్ళతో ఈ విక్రమార్కుడిని చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడి మనిషి చీకట్లో ఏమీ చూడకూడదని నడుస్తున్నాడు. ఇక్కడివాడు అన్నీ చూస్తూ, శవం వేసే చిక్కు ప్రశ్నకు జవాబు ఆలోచిస్తూ నడుస్తున్నాడు. మన పిల్లలకు శ్మశానం మొదట పరిచయమైంది బుద్ధికి పరీక్ష పెట్టే చోటుగా. ఇంత మంచి బొమ్మ, ఇంత మంచి ఊహ చేతిలో ఉండి కూడా తర్వాతి తెలుగు హారర్ దాన్ని వదిలేసుకోవడం బాధ కలిగించే విషయం.

అయితే ఈ వెలుగులో ఒక మచ్చ ఉంది, దాన్నీ చూడాలి. నేపాళ మాంత్రికుడు, మాయల మరాఠీ, కొన్నిచోట్ల మాయల ఫకీరు. మన కథల్లో మాంత్రికుడు ఎప్పుడూ బయటి ప్రాంతంవాడే, లేదా వేరే వేషం, వేరే మతం వాడే. పెద్ద మంత్రాలంటే మలయాళ దేశం నుంచే రావాలని తెలుగు పల్లెల్లో ఇప్పటికీ అంటారు. బాల్డుంగ్ కూజా మీద యూదుల లిపి రాసినట్టే మనమూ మన మాంత్రికుడికి పొరుగువాడి పేరు తగిలించాం.

తర్వాత ఆ పని మనకే ఎదురైంది. 1993లో వచ్చిన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు' కథ అందరికీ తెలిసిందే. పాత భవంతి, తాళం వేసిన గది, ఒకప్పటి నర్తకి ఆత్మ ఇంటి కోడలిని ఆవహించినట్టు కనిపించడం, చివరికి అది మానసిక రుగ్మత అని డాక్టరు తేల్చడం. ఆ మలయాళ ఇంట్లో నర్తకి తమిళ అమ్మాయి, తమిళం మాట్లాడుతుంది. 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర'గా తీసినప్పుడు నర్తకి తెలుగు అమ్మాయి అయింది. 2005లో అదే దర్శకుడు పి.వాసు తమిళంలో 'చంద్రముఖి' తీస్తే అక్కడా తెలుగే. 2007లో హిందీలోకి వెళ్ళేసరికి ఆమె బెంగాలీ అయింది. దర్శకులు మారినా, ఊరు మారినా కథలో ఒక్క నియమం మాత్రం మారలేదు. దయ్యం పొరుగు భాషలో మాట్లాడాలి. మరీ దూరపు భాష అయితే పనికిరాదు, మన భాష అయితే అసలే పనికిరాదు. కొంచెం అర్థమై కొంచెం అర్థం కాని భాష కావాలి. పక్కింటి గోడ అవతల మాటలు వినిపిస్తే ఉండే టెన్షన్ అది.

చెన్నైలో ఇది ఎంత విచిత్రంగా పనిచేసిందో గమనించాలి. 'చంద్రముఖి' అణ్ణాసాలైలోని శాంతి థియేటర్లో రెండేళ్ళకు పైగా ఆడింది. ఆ ఊళ్ళో తరాలుగా కాపురం ఉంటున్న తెలుగు కుటుంబాలు లెక్కలేనన్ని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే ఆ జనం, తెర మీద కథానాయిక మామూలుగా ఉన్నప్పుడు వీధి భాష, పూనకం వచ్చినప్పుడు తమ ఇంటి భాష మాట్లాడుతుంటే చూశారు. పూనకంలో ఆమె పాడే తెలుగు పాట వాళ్ళకూ తెగ నచ్చింది, తమిళులకు ఇంకా నచ్చింది. ఎందుకంటే చెన్నైలో తెలుగు పరాయి భాష మాత్రమే కాదు, సంగీత సభల్లో పాడే భాష. త్యాగరాజ కీర్తన, క్షేత్రయ్య పదం, భరతనాట్యంలో జావళి, చాలావరకు తెలుగే. అందం, ఆట, కోరిక అన్నీ ఆ భాషలో ఉన్నాయని తమిళ చెవికి ముందే తెలుసు. ఆ ఆకర్షణనే సినిమా తీసుకుని దానికి ఎర్రబడ్డ కళ్ళు, చెదిరిన కాటుక పెట్టింది. యూరప్ చిత్రాల్లో మంత్రగత్తె ఒకప్పుడు ముసలిదిగా, ఒకప్పుడు అపరంజి బొమ్మగా కనిపించడానికీ కారణం ఇదే. కావాలనిపించేదీ కూడదనిపించేదీ ఒకే ఒంట్లో ఉంటే భయం రెట్టింపవుతుంది.

ఈ సినిమాలో కూడా మోలిటర్ సమస్యే. డాక్టరు పాత్ర గంభీరంగా జబ్బు గురించి వివరిస్తుంది. తెర మాత్రం అంతసేపూ దయ్యం ఉందన్నట్టే వెలుగునూ శబ్దాన్నీ వాడుతుంది. కథలో దయ్యం లేదు, లైటింగ్‌లో ఉంది. వినోదం కోసం తీసిన సినిమాను ఇంతగా తూకం వేయాలా అని అడగవచ్చు. వేయాలి. సైన్సు మాట చెప్పి దయ్యం బొమ్మ అమ్మడం రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం, ఈ అలవాటు మన హారర్‌లో పాతుకుపోయింది.

చిత్రకళ నుంచి వేషం కాకుండా చూపు తెచ్చుకున్న సినిమాలు తక్కువ. 2015లో రాబర్ట్ ఎగ్గర్స్ తీసిన 'ద విచ్' వాటిలో ఒకటి. గోయా ప్రభావం తన మీద ఉందని ఆ దర్శకుడు దాచుకోలేదు. నల్ల మేక అక్కణ్ణుంచే వచ్చింది. చివర గాలిలోకి లేచే ఆడవాళ్ళూ అక్కణ్ణుంచే. అంతకన్నా లోతుగా తెచ్చుకున్నది కుటుంబం ముఖాలను. 1630ల అమెరికాలో అడవి అంచున ఒంటరిగా బతికే ఇల్లు. పసిబిడ్డ మాయమవుతుంది, పంట పాడవుతుంది. తల్లి చూపు మెల్లగా పెద్దకూతురి మీదికి తిరుగుతుంది. భోజనాల బల్ల దగ్గర కొవ్వొత్తుల వెలుగు ముఖాల దాకా వచ్చి ఆగిపోతుంది, వెనక గోడ కనపడదు. డిజిటల్ కెమెరాలు ఇప్పుడు అంత తక్కువ వెలుగులోనూ చూడగలవు కాబట్టి నిజమైన కొవ్వొత్తులతోనే తీయగలిగారు. కూతుర్ని మంత్రగత్తె అన్న తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ నేరుగా చూడరు. ఒళ్ళు గగుర్పొడిచేది అక్కడే. అయితే ఈ సినిమాలోనూ మంత్రగత్తె మొదటి అరగంటలోనే నిజంగా కనిపించేస్తుంది. గోయా అలా తేల్చేసేవాడు కాదు.

మన ప్రాంతంలో ఇంకో దారి కూడా ఉండేది. పదో శతాబ్దంలో కాంచీపురం ప్రాంతంలో మలిచిన యోగినీ విగ్రహాలు అందుకు సాక్ష్యం. కోరలు, మంటల్లా లేచిన జుట్టు, చేతిలో కపాలం. ఆకాశంలో తిరిగే శక్తులన్న నమ్మిక. బాల్డుంగ్ మంత్రగత్తె లక్షణాలు చాలావరకు ఉన్నాయి, కానీ వీళ్ళు గుళ్ళో కూర్చున్న దేవతలు. భయపడే మనిషే చేతులు జోడించి వరం అడిగాడు. 1920ల్లో జూవో దుబ్రాయ్ అనే ఫ్రెంచి పండితుడి చేతుల మీదుగా, పారిస్ వ్యాపారి సి.టి.లూ ద్వారా ఆ విగ్రహాలు దేశాలు పట్టిపోయాయి. పారిస్, లండన్, వాషింగ్టన్ మ్యూజియంలలో తలా ఒకచోట ఉన్నాయి. ఒక యోగిని డెట్రాయిట్ మ్యూజియంలో ఉంది. ఫ్యూసెలీ పీడకల చిత్రం ఉన్నదీ అదే మ్యూజియంలో. ఒకే కప్పు కింద రెండు లోకాలు. ఒకచోట భయంకర రూపం పడుకున్న ఆడదాని గుండెల మీద ఎక్కి కూర్చుంది. ఇంకోచోట ఆ భయంకర రూపమే నిటారుగా కూర్చున్న స్త్రీ. కంచి నుంచి డెబ్బై అయిదు కిలోమీటర్ల దూరంలోనే సినిమాలు తీస్తున్నవాళ్ళకు రిఫరెన్స్ కావాల్సి వస్తే మొదటి బొమ్మే గుర్తొస్తోంది.

ఇదంతా బొమ్మల గొడవే అయితే ఇంత పట్టించుకోనక్కర్లేదు. కానీ మంత్రగత్తె అన్న ముద్ర వేసి హింసించడాన్ని నేరంగా ప్రకటిస్తూ బీహార్ 1999లో చట్టం చేయాల్సి వచ్చింది. తర్వాత జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, రాజస్థాన్, అస్సాం చేశాయి. చేతబడి చేశారన్న అనుమానంతో చంపేశారన్న వార్త తెలుగు పేపర్లలో ఇంకా వస్తూనే ఉంది. అలాంటి కేసుల్లో తరచూ బయటపడేవి మామూలు సంగతులే. పొలం గట్టు తగాదా, ఒంటరి ముసలామె పేర ఉన్న స్థలం, ఇంట్లో తగ్గని జబ్బు. నిమ్మకాయలూ పసుపు కుంకుమా దొరికాయని తర్వాత చేరుస్తారు. ఆ నిమ్మకాయలకు ఏం అర్థం చెప్పుకోవాలో ఊరి జనానికి నేర్పే పని ఒకప్పుడు అచ్చుబొమ్మ చేసేది, ఇప్పుడు తెర చేస్తోంది.

ఈ లెక్కన చూస్తే, చిన్నచూపు చూసే మాస్ హారర్ కామెడీ ఒకటి నిజానికి దగ్గరగా వెళ్ళింది. 2011లో చెన్నైలో రాఘవ లారెన్స్ తీసిన 'కాంచన' తమిళంతో పాటు తెలుగులోనూ బాగా ఆడింది. అందులో దయ్యమైనది ఒక హిజ్రా. ఇంట్లోంచి గెంటేస్తే తన కాళ్ళ మీద తను నిలబడి, హాస్పిటల్ కట్టించాలని భూమి కొనుక్కుంది. ఆ భూమి కోసం ఆమెను చంపారు. సలజార్ వెతికినట్టు వెతికితే ప్రతి ఊళ్ళోనూ దొరికే కథ ఇది. పైగా ఇక్కడ వేలు చూపించింది పొరుగు భాషను కాదు, నియోజకవర్గంలో బలం ఉన్న మనిషిని. ఆ ఫ్లాష్‌బ్యాక్‌లో ట్రిక్కు లైట్లు లేవు, పట్టపగలు నడిచే సన్నివేశాలు ఎక్కువ. ప్రేక్షకులు అక్కడ అరవలేదు, ఏడ్చారు. ఆ తర్వాత వచ్చిన సీక్వెల్స్, వాటిని చూసి తీసిన డజన్ల కొద్దీ సినిమాలు మాత్రం ఆ భాగాన్ని వదిలేసి ఎర్ర చీర, విరబోసిన జుట్టు, వెనక నుంచి పెద్ద శబ్దం, వీటినే పట్టుకుపోయాయి.